బ్రాకెట్లో నాన్న పేరు

మా టైపు మాస్టారు పోయారని ఆలస్యంగా తెలిసింది. పెద్దకర్మ నాటికి ఏలూరు వెళ్ళగలిగాను. భోజనాలయ్యాక వాళ్ళబ్బాయి నన్ను పక్కకి పిలిచి, పురికొసతో కట్టిన కాగితాల కట్ట ఒకటి చేతిలో పెట్టాడు. "మీ పేరుందండీ దీని మీద. అటక సర్దినప్పుడల్లా పారేద్దామంటే నాన్నగారు ఒప్పుకునేవారు కాదు" అన్నాడు. బస్సులో విప్పి చూశాను. ఇరవై రెండేళ్ళ కిందట నేను ఇంగ్లీషులో కొట్టిన ప్రాక్టీసు కాగితాలు. ప్రతి దాని మీదా మాస్టారి ఎర్ర పెన్సిలు. బ్రాకెట్ తెరిచిన చోట ఒక చుక్క, మూసిన చోట ఇంకో చుక్క, చివర్లో రెండు లెక్కలూ సరిపోయాయని ఒక టిక్కు. ఆఖరి కాగితాల మీదకొచ్చేసరికి ఆ పెన్సిలు తప్పులు దొరకక మెచ్చుకోళ్ళు రాసింది. నా మొత్తం చదువులో ఏ లోటూ లేకుండా నేర్చుకున్న విద్య అదొక్కటే. మా ఇంటిని ముంచిన విద్య కూడా అదే.

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఏ పేరూ అసలుది కాదు. మా ఊరు పెదపాడు దగ్గరంటాను గానీ ఏ ఊరో చెప్పను. నాన్నని వెంకటేశ్వర్లు అంటాను, ఏసుదాసు అంటాను. ఆయనవి ఆ రెండూ కావు, అలాంటివే వేరే రెండు. అక్కని సునీత అంటాను. కాగితం మీద నిజం రాసి ఒకసారి చేతులు కాల్చుకున్నదాన్ని, రెండోసారికి ఆమాత్రం బుద్ధి వచ్చింది.

మా పేటలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. ఒకటి బడి పేరు, ఒకటి గుడి పేరు. గుడి అంటే చర్చే, మేం గుడి అనే అంటాం. మా ముత్తాతల కాలంలో తెల్లదొరలు కట్టించారు. బడిలో వేసేటప్పుడు వెంకటేశ్వర్లు, లక్ష్మి, నాగేశ్వరరావు. బాప్తిస్మమిచ్చేటప్పుడు ఏసుదాసు, రూతమ్మ, శామ్యూలు. క్రైస్తవులమని కాగితం మీద పడితే ఎస్సీ సర్టిఫికెట్ రాదు, అది లేకపోతే ఆ కోటాలో ఉద్యోగం రాదు. గుళ్ళో కాలు పెట్టగానే కులం పోతుందని చట్టం అంటుంది. ఆ సంగతి మా ఊరి మోతుబరులకి ఎవరూ చెప్పినట్టు లేరు, కోతల రోజుల్లో వాళ్ళ చావిడి ముందు మాకు మంచినీళ్ళు ఎత్తి దోసిట్లోనే పోసేవారు. కులం మమ్మల్ని వదల్లేదు గానీ దాని పేరున వచ్చే కాగితాన్ని మాత్రం మేం వదిలేసుకోవాలట! అందుకని రెండు పేర్లు. ఏ పేరు ఎక్కడ చెప్పాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, నడక వచ్చినట్టు వచ్చేస్తుంది. ఎంక్వయిరీకి ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడని కబురందితే ఆ పూటకి పేటలో ఆడవాళ్ళంతా బొట్టుబిళ్ళలు పెట్టుకునేవారు. బైబిలు వాక్యాల క్యాలెండరు గోడ దిగి బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళేది. వచ్చినాయన ఖాళీ మేకునీ, దాని కింద గోడ మీద మాయకుండా మిగిలిన చదరాన్నీ చూసి, చూడనట్టే సంతకాలు పెట్టించుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాడు. అందరికీ తెలుసు. తెలిసింది ఎవరూ రాయరు. అలా జరిగిపోయేది.

నాన్న చేపల చెరువు మీద మేతపని చేసేవాడు. పొద్దున్నే తవుడూ వేరుశెనగ చెక్కా కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, దోనె వేసుకుని చెరువులోకి వెళ్ళి, నీళ్ళలో పాతిన వెదుళ్ళకి ఆ సంచుల్ని కట్టి వచ్చేవాడు. చేపలు చిల్లుల దగ్గర మూతులు పెట్టి తినేవి. ఎన్ని బకెట్లు పోసుకున్నా ఆయన ఒంటి మీద పులిసిన తవుడు వాసన పోయేది కాదు. మా దుప్పట్లకీ, నా పుస్తకాలకీ కూడా ఆ వాసన ఉందని ఏలూరులో పక్కసీటు అమ్మాయి ముక్కు మూసుకున్నాక గానీ నాకు తెలియలేదు. ఆదివారం మాత్రం వేరు. కుంకుడు రసంతో తల రుద్దుకుని, కొబ్బరినూనె రాసుకుని, నీలిమందు పెట్టిన తెల్లచొక్కా వేసుకుని బయల్దేరితే ఆయన ఇంకో మనిషి. సంఘ పెద్ద. గంట కొట్టేది ఆయన. అందరికంటే ముందున్న చాప ఆయనది. నెల మొదటి ఆదివారం సంస్కారమని రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చేటప్పుడు ద్రాక్షరసం గిన్నెల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచేది ఆయన. వారమంతా చెరువు గట్టు మీద "ఒరే వెంకటేశూ" అనిపించుకున్న మనిషిని ఆ పూట అందరూ "ఏసుదాసు గారండీ" అనేవారు. పళ్ళెం పట్టుకున్నప్పుడు ఆయన మెడ నిటారుగా ఉండేది. ఆ ఒక్క పూట కోసమే మిగిలిన ఆరు రోజులూ బతికేవాడేమోనని ఇప్పుడనిపిస్తోంది.

అక్క నాకంటే అయిదేళ్ళు పెద్దది. టీచర్ ట్రైనింగ్ చేసి, తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, అక్కడే ఇంకో ఇద్దరితో కలిసి గదిలో ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి, కూర్చుంటే మేనేజరు కిటికీలోంచి చూస్తాడు. ఆదివారం ఇంటికొస్తే అమ్మ దాని కాళ్ళకి ఆముదం రాసేది. గవర్నమెంటు టీచరు పోస్టుకి రెండుసార్లు పరీక్ష రాసి కొద్దిలో పోగొట్టుకుంది. మూడోసారి చదివిన చదువు నేను కళ్ళారా చూశాను, అన్నం తింటూ చదివేది, బస్సులో నిలబడి చదివేది. ఆ పోస్టు వస్తే నాన్నని చెరువు పని మాన్పించేస్తానని మొక్కుకుంది. నా టైపు ఫీజు కట్టేదీ అదే. "నాకు ఇంగ్లీషు రాక ఆగిపోయాను. నీకలా కాకూడదే" అనేది.

టైపు ఇన్‌స్టిట్యూట్ పవర్‌పేటలో ఒక మేడ మీద ఉండేది. అప్పటికే కింద వీధిలో కంప్యూటర్ సెంటర్లు వచ్చేశాయి. పైన మాత్రం పాత మిషన్లు టకటకలాడుతుంటే కిటికీ రెక్కలు అదురుతుండేవి. మిషను ఆయిలూ, కార్బన్ కాగితమూ, మాస్టారు బుగ్గన పెట్టుకునే లవంగమూ, అవే అక్కడి వాసనలు. మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. స్పీడంటే ఆయనకి గౌరవం లేదు. "స్పీడుదేముందమ్మాయ్, కోతికి నేర్పినా కొడుతుంది. నీ పంక్చుయేషన్ చూపించు" అనేవారు. అందులోనూ కామాలూ ఫుల్‌స్టాపులూ ఆయనకి ఒక లెక్క కాదు. బ్రాకెట్ దగ్గరికొస్తే మాత్రం కుర్చీలోంచి లేచేవారు. "బ్రాకెట్ అంటే ఇంటికి వసారా అమ్మాయ్. వసారా పీకేసినా ఇల్లు నిలబడాలి. బ్రాకెట్ తీసేసి చదువు, వాక్యం కుంటిందా, నువ్వు పెట్టింది తప్పు." వాక్యం మధ్యలో బ్రాకెట్ మూస్తే ఫుల్‌స్టాప్ బయట పడాలి. లోపలున్నది దానంతటది నిండు వాక్యమైతే లోపల పడాలి. తెరిచే బ్రాకెట్‌కి ముందు ఒక ఖాళీ, లోపల ఖాళీ ఉండకూడదు. దాని ముందు కామా పెట్టినవాడికి ఆ పూటకి మిషను దక్కేది కాదు. చదరపు బ్రాకెట్ మా మిషన్ల మీద లేదు, ఇంకొకరి మాట ఎత్తి రాస్తూ మధ్యలో మన మాట కలపాల్సొస్తేనే అది వాడాలని చెప్పి పెన్నుతో గీయించేవారు.

ఒకరోజు ఆయన అన్న మాట నా చెవుల్లోంచి ఎప్పటికీ పోదు. "ముఖ్యం కానిదాన్ని బ్రాకెట్లో పెడతారనుకుంటారు అందరూ. తప్పమ్మాయ్. ముఖ్యమైనదే, కాకపోతే గట్టిగా చెప్పక్కర్లేనిది పెడతారు." ఎంత నచ్చిందో నాకా మాట! మా ఇంట్లో ముఖ్యమైనవన్నీ గట్టిగా చెప్పకూడనివే మరి. అప్పట్నుంచి అవసరమున్నా లేకపోయినా బ్రాకెట్లు పెట్టేదాన్ని. సెలవుచీటీలో పెట్టాను, పాస్టరుగారి కోసం కొట్టిన క్రిస్మస్ ప్రోగ్రాంలో పెట్టాను. మాస్టారు నా కాగితాలు మిగిలినవాళ్ళకి చూపించి, "ఏలూరు మొత్తానికి బ్రాకెట్ వేయడం వచ్చినది ఇదొక్కతే" అనేవారు. పులిసిన తవుడు వాసన వేసే పిల్లని పదిమందిలో మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన. ఆయన మెప్పు కోసం నేనేం చేయడానికైనా సిద్ధంగా ఉండేదాన్ని.

మూడోసారికి అక్కకి పోస్టు వచ్చింది. పేపర్లో దాని నంబరు చూసి అమ్మ కూలబడి ఏడ్చింది. నాన్న గంట మోగించొచ్చేశాడు, ఆదివారం కూడా కాదు ఆ రోజు. పేటంతా వచ్చి అక్క బుగ్గలు నిమిరింది. తరవాత ఆఫీసు నుంచి ఫారాలొచ్చాయి, ఇంగ్లీషులో, మూడు కాపీలు టైపు చేసి ఇవ్వాలి. అక్కకి స్కూల్లో ఒక్క పూటే సెలవిచ్చారు. కింద సంతకాలు ముందే పెట్టేసి, సర్టిఫికెట్లతో కలిపి నా చేతిలో పెట్టింది. "నువ్వున్నావుగా, తప్పుల్లేకుండా కొట్టి పట్టుకెళ్ళి ఇచ్చెయ్. ఇందుకే కదే నీకు టైపు నేర్పించింది" అని నవ్వి బస్సెక్కింది.

ఆ ఫారంలో ఒక గడి ఉంది. తండ్రి పూర్తి పేరు, మారుపేర్లు ఉంటే అవి కూడా రాయమని. నేను అక్కడ ఆగాను. వెనకాల నిలబడి చూస్తున్న మాస్టారు, "ఏం ఆగావ్? మీ నాన్నగారికి ఇంకో పేరుందా?" అనడిగారు. ఉందన్నాను. "మరింకేం, అడుగుతున్నారుగా. దానికోసమే కదా బ్రాకెట్ పుట్టింది" అన్నారు. ఆయనకి మా పేట సంగతి తెలియదు. తెలిసుంటే ఆ మాట అనేవారు కాదు, మంచి మనిషి.

తెలియక చేశానని ఇన్నేళ్ళూ అందరితో చెప్పుకున్నాను. అబద్ధం. నాకు తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. తెలుగులో ఎవరైనా అడిగుంటే నాలుక కోసినా చెప్పేదాన్ని కాదు. ఇంగ్లీషులో అడిగేసరికి అది మా వూరి మాట కాదనిపించింది, ఇంగ్లీషు కాగితం మా పేట దాకా నడిచి వస్తుందని తోచలేదు. పైగా నాదో తెలివి. మా ఇంటిస్థలం పట్టా ఏసుదాసు పేరు మీద ఉంది, అప్పుడెవరో గుడి దగ్గర నిలబెట్టి రాసుకుపోయారు. అక్క సర్టిఫికెట్లలో తండ్రి వెంకటేశ్వర్లు. రెండూ ఒకరేనని ముందే రాసేస్తే రేపు ఎవరూ వేలెత్తి చూపరు కదా అనుకున్నాను. ఇవన్నీ ఒక ఎత్తు, మాస్టారు వెనక నిలబడి చూస్తుండడం ఇంకో ఎత్తు. పేరు కొట్టి, ఒక ఖాళీ వదిలి, షిఫ్టు నొక్కి పట్టుకుని తెరిచాను, ఏసుదాసు అని కొట్టాను, మూశాను. వెంకటేశ్వర్లు (ఏసుదాసు). లోపల ఖాళీ లేదు, ముందు కామా లేదు. మాస్టారు వంగి చూసి, "సెభాష్" అన్నారు. మూడు కాపీల్లోనూ చక్కగా పడింది.

నెల దాటాక నోటీసొచ్చింది. ఆ ఆదివారం అక్క గుడికి కూడా రాకుండా నోటీసు ముందు పెట్టుకుని కూర్చుంది. దానికి నా ఫారం కాపీ ఒకటి జత చేశారు, బ్రాకెట్ చుట్టూ ఎవరో ఎర్రసిరాతో సున్నా చుట్టారు. అభ్యర్థి తండ్రి క్రైస్తవుడా కాదా తేల్చాలట, తేలేదాకా ఆర్డరు ఆపుతారట. అక్క నన్ను కొట్టుంటే బాగుండేది. "ఇది నువ్వు కొట్టిన కాగితమేనా చూడవే" అని నా మొహం ముందు పెట్టింది. ఆ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. అమ్మే అందుకుంది. "చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే! పండు ముసలాళ్ళు కూడా నోట్లోంచి రానివ్వని మాట నువ్వు మిషను మీద కొట్టి ఇచ్చొచ్చావంటే, నిన్నేమనాలే? అది నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోతుంటే చూస్తున్నావుగా! నీకేం పాపం చేసింది అది?" అని నెత్తి కొట్టుకుంది. నేను మూలన నిలబడ్డాను. ఇంగ్లీషు మెప్పంతా అప్పుడు ఎటుపోయిందో తెలియదు.

సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. మేం అయ్యగారంటాం. వయసులో నాన్న కంటే చిన్నవారు. "కంగారు పడకండి ఏసుదాసు గారూ. సంఘం రిజిస్టరు అడిగితే చెదలు పట్టి పోయిందని చెప్తాను. దాన్ని మా అత్తారింటికి పంపించేస్తాను" అన్నారు. నాన్న గోరుకి అంటుకున్న తవుడు గిల్లుకుంటూ కూర్చున్నాడు. "మీరెందుకండీ అబద్ధమాడడం. మీరు వాక్యం చెప్పాల్సినోరు. ఆడాల్సింది నేను, నేనాడతానండి" అన్నాడు.

ఎంక్వయిరీ పంచాయతీ ఆఫీసు వరండాలో జరిగింది. మిట్టమధ్యాహ్నం. నేను అమ్మతో కలిసి అరుగు కింద నిలబడ్డాను, అక్క వరండా స్తంభం పక్కన నిలబడింది. ఆఫీసరుగారు నెమ్మదస్తుడు. నాన్నకి కుర్చీ వేయించారు. నాన్న కూర్చోలేదు. నుదుట నిలువుబొట్టు పెట్టుకుని వచ్చాడు, దాన్ని ఎలా పెట్టుకోవాలో తెలియక కొంచెం వంకరగా పెట్టుకున్నాడు.

"ఏవండీ, మీ పేరేంటండీ?"

"వెంకటేశ్వర్లండి."

"మరి ఈ ఏసుదాసెవరండీ? మీ అమ్మాయిగారు మీ పేరు పక్కనే రాశారు. ఇంటిస్థలం పట్టా కూడా ఆ పేరు మీదే ఉంది."

నాన్న ఒకసారి అక్క వైపు చూశాడు. "మా అన్నండి. చిన్నమ్మాయికి సరిగ్గా తెలియక రాసేసిందండి. పట్టా ఆయనదేనండి. ఆయన క్రైస్తవంలో కలిశాడండి, మేం కలవలేదండి."

"ఇప్పుడెక్కడుంటారండీ ఆయన?"

"పోయాడండి."

నాన్నకి అన్నలు లేరు. ఒక్కడే కొడుకు మా తాతకి. ఆ సంగతి ఆఫీసరుగారి పక్కన కూర్చున్న వీఆర్వోకి తెలుసు, నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చిన బంట్రోతుకి తెలుసు. ఎవరూ తలెత్తలేదు. ఆఫీసరుగారు మెల్లగా రాసుకున్నారు, ఏసుదాసు అనే నా అన్న చనిపోయినాడు, నేను ఏసుదాసును కాను. చదివి వినిపించారు. నాన్న సంతకం పెట్టాడు. ఫైలు మూసేశాక ఆఫీసరుగారు గొంతు తగ్గించి, "మంచిదండి. అమ్మాయిగారి సర్వీసంతా ఈ కాగితం మీద నడవాలి. ఇంక ఆయన్ని ఎవరూ లేపకుండా చూసుకోండి" అన్నారు. ఆయన మా మేలు కోరే అన్నారని ఇప్పటికీ నమ్ముతాను. నాన్న "అలాగేనండి" అన్నాడు.

మరుసటి నెల అక్కకి ఆర్డరొచ్చింది, కామవరపుకోట అవతల మెట్ట ఊళ్ళో. గండం గడిచిందని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. సంస్కారం ఆదివారం వచ్చింది. గంట మోగలేదు. నాన్న తెల్లచొక్కా వేసుకోకుండా, చెరువుకెళ్ళే చొక్కాతోనే వచ్చి, గుమ్మం పక్కన కొత్తవాళ్ళు కూర్చునే చాప మీద కూర్చున్నాడు. అయ్యగారు పళ్ళెం సర్ది, "ఏసుదాసు గారూ, రండి" అన్నారు. నాన్న లేవలేదు. వినపడలేదేమోనని అయ్యగారు మళ్ళీ పిలిచారు. వరసలన్నీ వెనక్కి తిరిగాయి. నాన్న నేలకేసి చూస్తూ కూర్చున్నాడు, పక్కనున్న ముసలాయన మోచేత్తో పొడిస్తే, "ఆయన లేడండి" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. రొట్టె తన దగ్గరికొస్తే పక్కకి జరిపేశాడు.

మొదట్లో అందరూ ఇది నాలుగు రోజుల భయమనుకున్నారు. అమ్మ కూడా, "చాల్లే సంబడం, ఇక్కడ మనోళ్ళేగా ఉన్నది" అని కసిరింది. భయం కాదది. ఆయన పద్ధతే అంత. చెరువు మీద కూడా గట్టునున్న మేత బస్తా ఒక్క గుప్పెడు ఇంటికి తెచ్చిన మనిషి కాదు. అన్న మాట అన్నాక, సంతకం పెట్టాక, ఆదివారానికొక మనిషీ సోమవారానికొక మనిషీగా ఉండడం చేతకాలేదు. పేటలో మిగిలినవాళ్ళందరికీ రెండు పేర్లు రెండు జేబుల్లా ఉండేవి, ఎప్పుడు ఏది కావాలంటే అందులో చెయ్యి పెట్టేవారు. నాన్న ఒక జేబు కుట్టేసుకున్నాడు. గుడికి రావడం మానలేదు. వచ్చి, గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని, పాటలప్పుడు పెదవులు కదపకుండా విని, సంస్కారానికి ముందు లేచి బయటికెళ్ళి చెప్పుల దగ్గర నిలబడేవాడు. వీధిలో ఎవరైనా ఏసుదాసు గారూ అంటే తలతిప్పేవాడు కాదు. కొన్నాళ్ళకి పిలవడం మానేశారు. ఇంకొన్నాళ్ళకి పళ్ళెం ఇంకొకరు పట్టుకున్నారు. నేను ప్రతి మొదటి ఆదివారం ఆ పళ్ళెం చూడలేక తలొంచుకునేదాన్ని.

నన్ను ఒక్క మాట అనలేదు. అదీ నా బాధ. ఒక సాయంత్రం చెరువు గట్టు మీద మేత కలుపుతూ, "ఇంతకీ ఆ బ్రాకెట్ ఎలా ఉంటుందమ్మా, ఆఫీసులో దూరం నుంచి చూశాను, సరిగ్గా కనపడలేదు" అనడిగాడు. నేల మీద తవుడు పరిచి వేలితో గీశాను, ఒక వంపు, ఎదురుగా ఇంకో వంపు. కాసేపు చూశాడు. "రెండు చేతులూ దోసిలి పట్టినట్టుందే. నువ్వు నన్ను అందులో భద్రంగా పెట్టాననే అనుకునుంటావు" అన్నాడు. అని ఆ తవుడు కూడా తీసి సంచిలో పోసేశాడు, వృథా పోకూడదని. నేను గట్టు దిగి, తూటికాడల పక్కన కూర్చుని ఏడ్చాను.

అక్క చెరువు పని మాన్పిస్తానన్న మాట నిలబెట్టుకుంది. మాన్పించాక ఆయనకి పొద్దుపోయేది కాదు. అక్క సోమవారం పొద్దున బొట్టుబిళ్ళ బస్సులో పెట్టుకునేది, శనివారం మా ఊరి స్టాపు వచ్చే ముందు తీసి ముందుసీటు వెనక అంటించేది. పెళ్ళయ్యాక అక్కడే ఇల్లు తీసుకుంది, ఆ ఊళ్ళో గుడికి వెళ్ళదు. మేమిద్దరం ఇప్పటికీ ఆ ఫారం గురించి మాట్లాడుకోలేదు. నాన్న ముందు అది ఎక్కువ మాట్లాడేది కాదు. తన జీతంలోంచి ఆయనకి ఏం కొనిచ్చినా సంతోషంగా తీసుకునేవాడు, అది మొహం తిప్పుకునేది. నేను టైపు మానేశాను. తరవాత ఇంగ్లీషు లెక్చరర్నయ్యాను, అది వేరే కథ. పంక్చుయేషన్ పాఠం వచ్చినప్పుడు కామాలు చెబుతాను, బ్రాకెట్ల పేజీ పిల్లల్నే చదువుకోమంటాను. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందని అడిగితే, ఇప్పుడు ఫారాలన్నీ కంప్యూటర్లో. మొన్న మా పిన్ని మనవరాలికి దరఖాస్తు పెడుతూ, ఏమవుతుందో చూద్దామని పేరు గడిలో బ్రాకెట్ కొట్టి చూశాను. చెల్లని అక్షరమని ఎర్రగా చూపించింది, తీసేసేదాకా ముందుకి కదలనివ్వలేదు. మా కాలంలోనూ మిషన్లకి ఆ తెలివి ఉండుంటే అనుకున్నాను. ఆ పిల్లకీ రెండు పేర్లే. గోడ మీద మేకూ అలాగే ఉంది.

నాన్న పదిహేడేళ్ళు అలా బతికాడు. చివరికి కిడ్నీలు పోయి ఏలూరులో ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరుగారు మమ్మల్ని బయటికి పిలిచి, ఇక మందుల్లో ఏమీ లేదండీ అన్నారు. అక్క సెలవు పెట్టడానికి వెళ్ళింది, నేను మంచం పక్కన కూర్చున్నాను. అయ్యగారు ఆ వేళ ఫోన్ చేశారు, ఆయనా ముసలివారైపోయారు. సంస్కారం పట్టుకుని వస్తాను, ఈ ఒక్కసారికి ఒప్పించమ్మా అన్నారు. నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. పదిహేడేళ్ళుగా దాచుకున్నదంతా అప్పుడు వచ్చేసింది. "నా వల్లే నాన్నా. నేను రాయకపోతే నీకీ గతి పట్టేది కాదు. నీకు దండం పెడతాను, అయ్యగారిని రానివ్వు. ఇక్కడ ఎవరున్నారు చూడ్డానికి? ఒక్కసారి నీ పేరున పిలిపించుకో" అని ఏడ్చాను.

ఆయన కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూశాడు. గుమ్మం దగ్గర ఎవరూ లేరు.

"అక్కకి ఇంకా ఎన్నేళ్ళ సర్వీసుందమ్మా?"

"ఇరవై ఒకటి నాన్నా."

పెదవులు కదిపాడు, లోపల ఏదో లెక్క వేసుకుంటున్నట్టు. "అయితే అప్పుడు రమ్మని చెప్పమ్మా అయ్యగారిని" అన్నాడు.

నాలుగో రోజు పోయాడు. గుడి వెనకాలే పెట్టాం. సిమెంటు చేసినాయన పేరేం చెక్కమంటారని అడిగితే అమ్మా నేనూ అక్క వైపు చూశాం, అక్క చున్నీ నోట్లో కుక్కుకుని తల అడ్డంగా ఊపింది. పేరు లేకుండానే కట్టించాం. ఆయనకి పక్కనే ఉన్న సమాధులన్నిటి మీదా పేర్లున్నాయి, గుడి పేర్లు. అక్కకి ఇంకా పదహారేళ్ళ సర్వీసు ఉంది.